వంశధార వెంట మూడు రోజులు: రాజధానిలో కోట ఎందుకు కనిపించదు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పెళ్ళయిన నాటి నుంచి హైదరాబాదులో ఉంటున్నాం. సంక్రాంతికి పుట్టింటికి వస్తున్నాం, పండుగ తరువాత మూడు రోజులు పిల్లలకు మన జిల్లాలోని చారిత్రక స్థలాలు చూపించాలని ఉంది. మా చిన్నాన్నగారు పదిహేను పేర్లతో జాబితా రాసి ఇచ్చారు. పోయినసారి శ్రీముఖలింగం తీసుకువెళ్తే, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "ఇది రాజధాని అన్నావు కదమ్మా, మరి కోట ఏది, రాజుగారి మేడ ఏది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆరో తరగతి చదివే అబ్బాయి శాలిహుండం మ్యూజియాన్ని పది నిమిషాల్లో చుట్టేసి బయటికి వచ్చేశాడు. అంత చిన్న మ్యూజియానికి మళ్ళీ వెళ్ళడంలో అర్థముందా? మా నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి, అయినా మాతో వస్తానంటున్నారు. మా ప్రయాణం ఎలా పెట్టుకోమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను బాగా ఆకట్టుకున్నది మీ అమ్మాయి వేసిన ప్రశ్న. అది విసుగుతో వేసిన ప్రశ్న కాదు. చరిత్రను చదువుకునేవారందరూ ఎప్పుడో ఒకప్పుడు వేసుకోవలసిన ప్రశ్న. మీ మూడు రోజుల ప్రయాణాన్ని ఆ ప్రశ్న చుట్టూనే అల్లుకోమని నా సలహా. చిన్నాన్నగారి జాబితాలోని పేర్లన్నీ చూడదగినవే. కానీ మూడు రోజుల్లో పదిహేను చోట్లు తిరిగితే పిల్లలకు కారు కిటికీ, ఆలయాల ముందు వదిలిన చెప్పులు తప్ప మరేమీ గుర్తుండవు. జాబితా పక్కన పెట్టి, ఒక నదిని పట్టుకోండి. రెండు రోజులు వంశధారను ఎగువ నుంచి సముద్రం వరకు చూపించి, మూడో రోజు నాగావళి ఒడ్డున మీ ఊరినే మీ పిల్లలకు చూపించండి.

ముందుగా మీ అమ్మాయికి చెప్పవలసిన జవాబు. తూర్పు గాంగులు కొన్ని శతాబ్దాల పాటు కళింగనగరం నుంచి పాలించారు. ఆ కళింగనగరమే నేటి శ్రీముఖలింగమని శాసనాల ఆధారంగా గుర్తించారు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు, అంటే పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్న ఆ రాజు, రాజధానిని పన్నెండో శతాబ్దం మొదటి భాగంలో కటకానికి, అంటే నేటి ఒడిశాలోని కటక్‌కు, తరలించేదాకా ఈ వంశధార ఒడ్డే ఆ రాజ్యానికి కేంద్రం. మరి మేడలు ఏమయ్యాయంటే, ఆ కాలంలో రాతిని ప్రధానంగా దేవుడి ఇంటికే వాడేవారు. రాజు ఉండే ఇల్లయినా, సామంతులు దిగే విడిది అయినా, అంగడి అయినా చాలావరకు కలపతో, మట్టితో, ఇటుకతో కట్టుకున్నవే. కలపను చెదలు తింటాయి, మట్టి గోడలు వానలకు కరిగిపోతాయి, ఇటుకలను తరువాతి తరాలవారు పెరికి తమ ఇళ్ళకు వాడుకుంటారు. రాజు తరలిపోయిన ఊళ్ళో దేవుడికి మాత్రం పూజలు ఆగలేదు కనుక గుడి నిలిచింది, మిగిలినది పొలాల కింద, ఇళ్ళ పునాదుల కింద కలిసిపోయింది. మీ అమ్మాయికి పల్లెటూరిలా కనిపించిన చోటు నిజానికి ఒక నగరం మీద కూర్చున్న ఊరు.

ఈ మాటను నోటితో చెప్పడం కంటే కళ్ళతో చూపించడం మేలు. అందుకు మొదటి రోజు శ్రీముఖలింగంతో పాటు సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోటను కూడా చేర్చుకోండి. అక్కడ ఆకాశాన్నంటే బురుజులు ఉంటాయని పిల్లలకు ఆశ పెట్టకండి. అక్కడున్నది మట్టి కోట. చుట్టూ ఎత్తయిన మట్టి కట్ట, లోపల పొలాలు, తుప్పలు. తెలియనివారు చెరువు గట్టు అనుకుని దాటిపోతారు. అయితే తొలినాటి గాంగరాజుల తామ్రశాసనాల్లో కొన్ని దంతపురం నుంచి వెలువడ్డాయి, ఆ దంతపురం ఇదేనని భావించే పండితులు చాలామంది ఉన్నారు. పూరీ అనేవారూ ఉన్నారు. బుద్ధుడి దంతధాతువు కళింగంలోని దంతపురంలో పూజలందుకున్నదనీ, శత్రువుల చేతికి చిక్కకుండా హేమమాల అనే రాకుమార్తె దానిని తన కొప్పులో దాచుకుని భర్తతో కలిసి ఓడలో సింహళానికి చేర్చిందనీ బౌద్ధుల గాథ. నేడు శ్రీలంకలోని కాండీ నగరంలో పూజలు జరుగుతున్నది ఆ దంతానికేనని అక్కడివారి విశ్వాసం. ఈ కథను కారులో కాకుండా, ఆ మట్టి కట్ట మీద నిలబడి చెప్పండి. కోట గోడ అంటే ఇలా కూడా ఉంటుందనీ, మట్టితో కట్టింది చివరికి మట్టిలోనే కలుస్తుందనీ మీ అమ్మాయికి వేరే వివరించనవసరం లేకుండానే తెలుస్తుంది.

శ్రీముఖలింగానికి పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు, పైగా శిల్పాల మీద ఏటవాలుగా పడే పొద్దుటి ఎండలో కనిపించే వివరాలు నడినెత్తి ఎండలో కనిపించవు. అక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడు ఉన్నాయి. ఇప్పచెట్టు మొదలులో శివుడు వెలిశాడన్న స్థలపురాణం వల్ల మధుకేశ్వరుడన్న పేరు వచ్చింది. దర్శనం అయ్యాక చాలామంది అటునుంచి అటే వెళ్ళిపోతారు. మీరు మాత్రం మధుకేశ్వరాలయంలో ఒక్క ద్వారం ముందు పావుగంట ఆగండి. ద్వారశాఖల మీద, అంటే ద్వారానికి రెండు పక్కలా నిలిచిన రాతి కమ్మీల మీద, అల్లుకున్న తీగలను కింది నుంచి పైకి పిల్లలను కళ్ళతో అనుసరించమనండి. ఒక్కొక్క మెలికలో ఏముందో, ఏ ఆకు ఎటు ఒరిగిందో, ఏ బొమ్మ దగ్గర ఉలి లోతుగా దిగిందో, ఏ బొమ్మ పనిని శిల్పి త్వరగా ముగించాడో వాళ్ళనే చెప్పనివ్వండి. శిల్పం గురించి మనం ముందుగా ఉపన్యాసం ఇస్తే వాళ్ళు వింటారు గానీ చూడరు. తరువాత సోమేశ్వరాలయం దగ్గరికి వెళ్ళి, ముందు మండపం లేకుండా గర్భాలయం మీద నేరుగా లేచిన ఆ శిఖరాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూడండి. ఎప్పుడైనా భువనేశ్వర్ వెళ్ళి ఉంటే పిల్లలకు అక్కడి గుళ్ళు గుర్తుకు వస్తాయి. ఎందుకు ఈ పోలిక అని వాళ్ళు అడిగితే, చోడగంగదేవుడి వంశం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో అప్పుడు చెప్పండి.

గోడల మీది శాసనాలను తప్పకుండా చూపించండి. అక్షరాలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఇక్కడే పిల్లలకు ఒక మనిషిని పరిచయం చేయాలి. ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటారు కదా, ఆ రోజు ఎవరి పుట్టినరోజో ఆ గిడుగు వెంకట రామమూర్తిగారు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, సవర భాషకు చేసిన సేవ కొందరికి తెలుసు. కానీ పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, నేర్పే గురువు లేకుండానే పాత లిపులను తనంతట తానే కూడబలుక్కుని ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను చదివారన్న సంగతి, వంశధార దిగువన శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనేనన్న సంగతి మన జిల్లా పిల్లల్లోనే ఎక్కువమందికి తెలియదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఏటి ఒడ్డున పుట్టిన ఒక బడిపంతులు ఆ ఏటి చరిత్రను ఎగువన ఒకచోట, దిగువన ఒకచోట తన కళ్ళతో చదివి లోకానికి చెప్పాడు. మీ మొదటి రోజును రెండో రోజుతో కలిపే దారం ఆయనే.

రెండో రోజు శాలిహుండం. మీ అబ్బాయి పది నిమిషాల్లో బయటికి రావడంలో వాడి తప్పేమీ లేదు. ఒక చిన్న మ్యూజియంలోకి నేరుగా వెళ్తే అక్కడ కనిపించేవి గోడకు ఆనించిన రాళ్ళే. ఈసారి మ్యూజియాన్ని చివరికి ఉంచి, ముందు కొండ ఎక్కండి. గార మండలంలో, శ్రీకాకుళం నుంచి గంట లోపు దూరంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ కొండ మీద తవ్వకాల్లో నాలుగు స్తూపాలు, ఒక ఆలయం, పవిత్ర అవశేషాలు దాచే భరిణెలైన ధాతుకరండాలు ఏడు, ఎన్నో శిల్పాలు బయటపడ్డాయి. పైకి చేరాక పిల్లల చేత మొదట చేయించవలసిన పని వెనక్కి తిరిగి నదిని చూడటం. ఏరు సముద్రం వైపు వెళ్ళడం, దిగువన కళింగపట్నం ఉన్న దిక్కు అక్కడి నుంచి తెలుస్తాయి. బౌద్ధ భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో వాళ్ళనే ఊహించమనండి. ఏటికి వరద వచ్చినా కొండ మునగదు, తాగడానికి నీళ్ళు దగ్గర, భిక్షకు వెళ్ళడానికి ఊళ్ళు దగ్గర. రేవుకు వచ్చిపోయే వర్తకులు దానధర్మాలు చేస్తారు, అయినా రేవులోని సందడి పైకి వినిపించదు. ఈ నాలుగు మాటల్లో సగం వాళ్ళ నోటి నుంచే వస్తాయి.

అక్కడ ఒక స్తూపం అడుగు భాగాన్ని ప్రత్యేకంగా గమనించండి. పైనుంచి చూస్తే అది బండిచక్రంలా ఉంటుంది. నడుమ చక్రపు కుంభంలాంటి భాగం, దాని నుంచి అంచు దాకా బండిచక్రపు ఆకుల్లా పరచుకున్న ఇటుక గోడలు, వాటి మధ్య ఖాళీల్లో మట్టి నింపు. బౌద్ధులకు చక్రం ధర్మానికి గుర్తు కావడం ఒక కారణమైతే, అంత పెద్ద దిబ్బ బరువుకు పక్కలకు పగిలిపోకుండా తక్కువ ఇటుకతో నిలబెట్టగలగడం రెండో కారణం. లెక్కలంటే ఇష్టపడే పిల్లలకు ఈ రెండో కారణమే నచ్చుతుంది. అక్కడి ఇటుక ఒకటి ఎన్ని జానలుందో, ఇంటి దగ్గర కట్టే ఇటుకకు దానికి తేడా ఎంతో చూసి చెప్పమనండి. దాని మీద ఎక్కి నిలబడనివ్వకండి, ఎంత సరదాగా ఉన్నా సరే. గజపృష్ఠాకారంలో, అంటే వెనుక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగిన చైత్యగృహాల, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరాల, పునాదులు కూడా ఉన్నాయి. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చూస్తే వాటి ఆకారం కాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు కిందికి దిగి మ్యూజియంలోకి వెళ్ళండి. అన్నిటినీ చూడాలన్న పట్టుదల వద్దు, రెండు మూడు వస్తువులే చాలు. నేనైతే మొదట మారీచి దగ్గర ఆగుతాను. బౌద్ధుల్లో వజ్రయాన శాఖవారు కొలిచిన ఈ దేవత వేకువ వెలుగుకు అధిదేవత. మన సూర్యుడి రథాన్ని ఏడు గుర్రాలు లాగితే మారీచి రథాన్ని పందులు లాగుతాయని శిల్పశాస్త్రం, ఆమె ముఖాల్లో ఒకటి వరాహముఖం. ఇందులో ఏవేవి ఈ శిల్పంలో కనిపిస్తున్నాయో, ఏవి అరిగిపోయాయో మీ అబ్బాయిని వెదకమనండి. మూడో రోజు అరసవల్లిలో సూర్యనారాయణస్వామిని చూసినప్పుడు ఈ పోలిక వాడికి తప్పక గుర్తుకొస్తుంది. ఆ తరువాత తార. ప్రశాంతమైన ముఖం, ఒంటి మీది నగలు, కూర్చున్న తీరు చూసి, పైన స్తూపాల దగ్గర ఎక్కడా కనిపించని ఈ దేవతలు ఎక్కడి నుంచి వచ్చారని అడగండి. అదే అసలు సంగతి. తొలి రోజుల్లో స్తూపానికి మొక్కిన చోటే, కొన్ని వందల ఏళ్ళ తరువాత బోధిసత్త్వులను, అంటే బుద్ధత్వం పొందే దారిలో ఉన్నవారిని, ఆ తరువాత తారను, మారీచిని కొలిచారు. థేరవాదం, మహాయానం, వజ్రయానం అని పాఠ్యపుస్తకంలో మూడు పేరాల్లో చదివేది ఇక్కడ ఒకే కొండ మీద జరిగింది. కొండ చూడకుండా శిల్పాలు చూస్తే అవి రాళ్ళు, శిల్పాలు చూడకుండా కొండ చూస్తే అవి ఇటుకలు. మ్యూజియం చిన్నదైనా వస్తువు దొరికిన చోటి పక్కనే ఉండటం దాని గొప్పతనం. నగరాల్లోని పెద్ద మ్యూజియాల్లో ఈ సౌకర్యం లేదు.

మన రాష్ట్రంలో పురావస్తు ప్రదర్శనశాలలు చాలాచోట్ల శుక్రవారం మూసి ఉంటాయి కనుక ఆ రోజు శాలిహుండం పెట్టుకోకండి. మిగిలిన రోజుల్లో కూడా ఇలాంటి చిన్నచోట తాళం వేసి ఉంటే కంగారుపడి వెనుదిరగకుండా, దగ్గర్లో కాపలాదారు ఎక్కడున్నారో కనుక్కుని మర్యాదగా అడగండి. ఆయనకు తీరిక ఉంటే నాలుగు మాటలు మాట్లాడించండి. పలకల మీద రాయని సంగతులు కొన్ని ఆయనకు తెలిసి ఉంటాయి. మంచినీళ్ళు, తినడానికి ఏదైనా మీతోనే తీసుకువెళ్ళండి.

మధ్యాహ్నం కళింగపట్నం చేరి, వంశధార సముద్రంలో కలిసే చోటును, దీపస్తంభాన్ని చూడండి. ఒకప్పుడు సరుకుల ఓడలు ఆగిన రేవు ఇది. ఇప్పుడు మీకు కనిపించేవి చేపల పడవలే. నదీముఖం దగ్గర నీటి లాగుడు పైకి కనిపించదు, ఇసుక మేటలు మారుతూ ఉంటాయి. పిల్లలను నీళ్ళలోకి దిగనివ్వవద్దని గట్టిగా చెబుతున్నాను. దారిలో ఓపిక ఉంటే శ్రీకూర్మం ఆగండి. ప్రదక్షిణ మండపంలోని స్తంభాల మీద శాసనాలున్నాయి. వాటిలో 1281 నాటిది ఒకటి, గాంగరాజుల తరఫున కళింగంలో అధికారం నెరపిన మధ్వ సన్న్యాసి నరహరితీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి చెబుతుంది. ఒక సన్న్యాసి రాజ్యవ్యవహారాలు చూశాడంటే మీ అమ్మాయికి ఇంకో ప్రశ్న పుట్టవచ్చు. మంచిదే. ఓపిక లేకపోతే శ్రీకూర్మాన్ని వచ్చే సెలవులకు ఉంచుకోండి.

ఇక నాన్నగారి సంగతి. ఆయనను శాలిహుండం మెట్లు ఎక్కించవద్దు, దంతవరపుకోట గట్టు కూడా వద్దు. మొదటి రోజు శ్రీముఖలింగానికి మాత్రం తీసుకువెళ్ళండి. అక్కడ కూర్చోవడానికి చోటుంది, ఎక్కడం పెద్దగా ఉండదు. రెండో రోజు ఆయన ఇంట్లో విశ్రాంతి తీసుకుంటే, మూడో రోజును పూర్తిగా ఆయన చేతికే అప్పగించండి. నాగావళి ఒడ్డున గుడివీధిలో బలరాముడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే కోటేశ్వరాలయం ఉంది, గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఉంది. కోస్తాలోని పాత పాలనా విభాగాలైన ఉత్తర సర్కారుల్లో ఒకటైన చికాకోల్ సర్కారుకు ఈ ఊరే కేంద్రమన్న సంగతి, ఆ చికాకోల్ అంటే శ్రీకాకుళమేనన్న సంగతి ఈ వీధుల్లో నడుస్తూ చెప్పుకోవచ్చు. అరసవల్లికి ఆదివారం వద్దు, రథసప్తమి దగ్గరపడితే అసలే వద్దు, ఆ రద్దీలో పెద్దవాళ్ళు నిలబడలేరు. ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజుల పాటు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేలా ఆలయాన్ని ఎలా నిలిపారో, జనవరిలో ఆ కిరణాలు ఎందుకు పడవో మీ అబ్బాయికి వివరించడానికి ఒక గొడుగు కర్ర, దాని నీడ చాలు.

మిగిలిన ఊరును నాన్నగారు తాను చూసిన విధంగా చెప్పనివ్వండి. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంటే దాదాపుగా ఆయన వయసూ జిల్లా వయసూ ఒకటే. పాత వంతెన, వరదలు వచ్చిన ఏళ్ళు, తాను చదివిన బడి, ఇప్పుడు లేని అంగళ్ళు, వీటి గురించి ఆయనను అడిగేది మీరు కాకుండా పిల్లలైతే బాగుంటుంది. మీ అమ్మాయి ఆయన మాటలను తన ఫోనులో రికార్డు చేసి, ఏ మాట ఏ చోట నిలబడి చెప్పారో పక్కన రాసిపెట్టుకోవాలి.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. దంతవరపుకోటలో గానీ శాలిహుండంలో గానీ కాలి కింద కుండపెంకు కనిపిస్తే పిల్లలు జేబులో వేసుకోవాలనుకుంటారు. వద్దు. పెంకు ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన ఉందన్నదే దాని చరిత్ర. ఇంటికి తెచ్చిన పెంకుకు ఆ చరిత్ర పోతుంది. పైగా సంరక్షిత స్థలాల్లో ఏదైనా పాడుచేసినా, తీసుకుపోయినా చట్టప్రకారం నేరం. ఉన్నచోటనే పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీసుకోమనండి, ఎంత పరిమాణంలో ఉందో తెలుస్తుంది. శిల్పం గానీ శాసనం గానీ పొలంలో, చెరువు గట్టున బయటపడి ఉన్నట్టు మీ కంట పడితే దానిని కదపకుండా, ఊరి పేరుతో సహా రెవెన్యూ అధికారులకు లేదా పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ ఉత్తరాన్ని మీ అమ్మాయి చేత రాయించండి.